ఓదెలు వంచిన ఎడమ బద్ద

కృష్ణానగర్‌లో ఓదెలు రోజూ పొద్దున్నే స్నానం చేసి, నుదుట మల్లన్న బండారి పసుపు పెట్టుకుని, మరమ్మతుకు వచ్చిన ఊగుడు కుర్చీలన్నిట్లోనూ ఒక్కోసారి కూర్చునేవాడు. కళ్లు మూసుకుని నెమ్మదిగా ఊగి, దిగేటప్పుడు కుర్చీకి దండం పెట్టేవాడు. పక్క గదుల్లో కిరాయికుండే సినిమా డాన్సర్లు పళ్లు తోముకుంటూ, "ఏంటన్నా, పొద్దున్నే జమీందారువైపోయావ్!" అని నవ్వేవారు.

"కంటికి కనపడని తప్పు నడుముకు తెలుస్తది తమ్మీ."

"నడుముకున్న తెలివి నెత్తికుంటే ఈపాటికి జూబ్లీ హిల్స్‌ల ఉందుము" అని లోపలినుంచి భార్య రాజమ్మ చురక అంటించేది.

ఓదెలు తండ్రి కరీంనగర్ దిక్కు పల్లెలో బండిచక్రాలు చేసే వడ్రంగి. ఓదెలు పట్నం వచ్చి, నాంపల్లిలో ఒక కుర్చీల కార్ఖానాలో పదేళ్లు ఉండి, కట్టెను కోయకుండా ఆవిరిపట్టి వంచే పని నేర్చాడు. ఎనభై అయిదులో కృష్ణానగర్ చేరి సొంత దుకాణం పెట్టాడు. నీళ్లు కాచుకునే బాయిలరుకు ఇనుప గొట్టం బిగించి, అందులో కట్టెను ఉడికించేవాడు. బయటికి తీశాక నిమిషం కూడా వ్యవధి ఉండదు, ఆలోపే అచ్చుకు చుట్టాలి. ఆలస్యమైతే కట్టె మొండికేస్తుంది, తొందరపడితే చీలుతుంది. ఆ నిమిషంలో ఆయన నోట మల్లన్న పేరు తప్ప మరో మాట వచ్చేది కాదు.

తొంభై రెండులో ఒక మంగళవారం సాయంత్రం, సినిమా కంపెనీలో సెట్టు సామాన్లు చూసుకునే త్రినాథరావు ఆటో ట్రాలీలో ఒక పాత కుర్చీ తెచ్చి దింపాడు. నేలకు ఆనే రెండు వంపు బద్దల్లో ఎడమది రెండు ముక్కలైంది. అతను ఓదెలు రెండు చేతులూ పట్టుకున్నాడు.

"కాపాడాలి గురువుగారూ! జూబ్లీ హిల్స్ రాజ్యలక్ష్మిగారి కుర్చీయండి. వాళ్ల నాన్నగారిదట. షూటింగులో జమీందారు వేషానికని అడిగి తెచ్చాం. సగం సీను తీసేశారు, మిగతాది శుక్రవారం."

"ఎట్ల ఇరిగింది?"

"భోజనాల టైములో ఎవరూ లేరు కదాని... నేనే జమీందారులా కూర్చున్నానండి. చేతిలో పెరుగన్నం ప్లేటు. కింద లైటు కేబులు చూసుకోలేదు, బద్ద దాని మీదెక్కి పుటుక్కుమంది."

ఓదెలు నవ్వు ఆపుకోలేకపోయాడు. "మరి పెరుగన్నం?"

"నెత్తిమీదేనండి. నవ్వకండి గురువుగారూ, మేనేజరుకి తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. ఇంటిదగ్గర పెళ్లాం పురిటికి సిద్ధంగా ఉంది. మీరు అతికేసి రంగు వేసెయ్యండి, ఆవిడకు చెప్పొద్దు."

"చేసుడు నా పని. దాచుడు నా పని కాదు" అన్నాడు ఓదెలు. "ఫికర్ చెయ్యకు. ముందుగాల్ల చాయ్ తాగు."

బుధవారం మల్బరీ కట్టె ఉడికించి, విరిగిన ముక్కల కొలతకే కొత్త బద్ద వంచాడు. గురువారం పొద్దున త్రినాథరావు చూస్తుండగా బిగించి, కళ్లు మూసుకుని ఊగాడు. కళ్లు తెరిచేసరికి ఎదురుగా గోడ ఉంది! ఊగినకొద్దీ కుర్చీ తిరుగుతోంది.

"మంచిగుంది! ఇగ మీ జమీందారు గోడతోని మాట్లాడుకుంటడు" అంది రాజమ్మ.

త్రినాథరావు కూలబడ్డాడు. ఓదెలు మాత్రం నేలమీద బోర్లా పడుకుని రెండు బద్దలనూ వేలితో తడిమాడు. కుడిది ఏళ్ల తరబడి నేలకు రాసుకుని అడుగున సన్నగా అరిగింది. కొత్తదానికి ఆ అరుగుదల లేదు. కుడిదాన్ని కూడా తీసి కొత్తది వేస్తే పని తేలిక. కానీ ఆ అరుగుదల ఒక పెద్దమనిషి కూర్చుని ఊగిన ఊగు. దాన్ని చెరపడానికి ఓదెలుకు చెయ్యి రాలేదు. కొత్తదాన్నే గాజుపెంకుతో గీకాడు, కూర్చున్నాడు, మళ్లీ గీకాడు. త్రినాథరావు పక్కన కూర్చుని ఊగులు లెక్కపెట్టాడు. రాజమ్మ అతనికీ పళ్లెం పెట్టి, తినేదాకా అక్కడే నిలబడింది. దీపాలు పెట్టేవేళకు కుర్చీ పక్కకు తిరగకుండా ఉన్నచోటే ఊగింది.

శుక్రవారం పొద్దున ఓదెలు షూటింగుకు వెళ్లే ట్రాలీని ముందు జూబ్లీ హిల్స్‌కు తిప్పించాడు. త్రినాథరావు గేటు దాటలేదు. ఓదెలు కుర్చీని వరండాలో దింపి, రాజ్యలక్ష్మిగారికి దండం పెట్టాడు.

"అమ్మా, కుర్చీ ఇరిగింది. ఎడమ బద్ద కొత్తది. మీకు చెప్పకుండ ఇచ్చుడు ధర్మం కాదని వచ్చిన."

ఆవిడ కుర్చీలో కూర్చుని ఊగింది. కాసేపటికి కళ్లు తుడుచుకుని నవ్వింది.

"మా నాన్నగారు సినిమా వేషం కోసం ముప్పై ఏళ్లు తిరిగారయ్యా. ఆయనకు దొరకని వేషం ఈ కుర్చీకి దొరికింది. ఆయన ఊగినట్టే ఉంది. ఏం ఇమ్మంటావో అడుగు, మొహమాటపడకు."

ఓదెలు గేటువైపు చూశాడు.

"పైసలు కంపెనీ ఇస్తదమ్మా. గాడ గేటుకాడ ఉన్నడు చూడుండ్రి, ఆయన చేతిలనే ఇరిగింది. లోపటికి రానీకె కాళ్లు వస్తలేవు. ఈ నెల ఇంట్ల కాన్పు. ఆయన నౌకరి తియ్యద్దని మేనేజరుకు మీరే జర ఒక్క ఫోన్ చెయ్యుండ్రి."