పాట కింద పోయిన మాట

మా చండ్రుగొండలో పెళ్లి వీడియో అంటే జానీ మియానే. మా వీధి చివర గది కిరాయికి తీసుకుని స్టూడియో పెట్టినప్పుడు అతనికి మీసం కూడా సరిగా రాలేదు. ఇప్పుడు గడ్డానికి గోరింటాకు పెడుతున్నాడు. అప్పట్లో భుజం మీద మోయలేనంత కెమెరా, వెనకాల లైటు. లైటు పడగానే అన్నం ముద్ద నోటి దగ్గరే ఆపి అందరం నవ్వేవాళ్లం. క్యాసెట్టులో మాత్రం మనుషుల గొంతులు ఉండేవి కావు. మాటలు తీసేసి సినిమా పాటలు వేయడమే గొప్ప.

ఈమధ్య మా పక్కింటి ప్రమీల తన పెళ్లి క్యాసెట్టు పట్టుకుని స్టూడియోకి బయలుదేరింది. వెనకే నేనూ వెళ్లాను. ఆ పెళ్లిలో అప్పగింతలప్పుడు వాళ్లమ్మ ఆమె చెవిలో ఏదో చెప్పింది. ఆ తల్లి ఇప్పుడు లేదు.

"ఏడుపుల నాకేం వినబడలే భాయ్. ఇందుల ఉంటది గదా?" అంది ప్రమీల.

తెర మీద తల్లి పెదవులు కదులుతున్నాయి. పైన పాట మోగుతోంది.

"మాట ఆ పాట కిందెక్కడన్న దొరకదా జానీ?" అన్నాను.

"లేదక్కా. మాట తుడిచినంకనే పాట ఎక్కించిన."

ప్రమీల క్యాసెట్టును కొంగుతో తుడిచి సంచిలో పెట్టుకుంది. "నా బిడ్డ పెళ్లికి పాటలొద్దు. నేను చెప్పేది దానికి వినబడాలె, గంతే."

కెమెరాలో ఉన్న మైకు బ్యాండునే పట్టుకుంటుందని జానీ మియా కొత్త మైకు కోసం ఖమ్మం వెళ్లాడు. నాకేం పని లేదు గానీ బస్సెక్కాను. మైకుల షాపు నడిపే మతీన్ మొదట చొక్కాకు తగిలించే మైకు చూపించాడు.

"ఏడ్చే పిల్లకు గిది తగిలిస్తే ఏడుపు మర్చిపోయి దీన్నే సవరించుకుంటది. కెమెరా మీద పెట్టేదే ఇయ్యి," అన్నాడు జానీ మియా.

"ముందున్న మాట పట్టుకుంటది చాచా, పక్క లొల్లి తగ్గిస్తది. కానీ మైకు పొడుగు చూసి మోసపోవద్దు. పొడుగుదైనా పొట్టిదైనా దగ్గరికి పోవాలె," అన్నాడు మతీన్.

షాపులో అన్నీ బాగానే వినిపిస్తాయని నన్ను ఆటోల రోడ్డు మీద నిలబెట్టారు.

"మెల్లగ మాట్లాడు అక్కా."

"ఏం మాట్లాడాలె?"

"నీకు మాటలు కరువా?"

ప్రమీల తల్లి చేసే మామిడి తాండ్ర గురించి చెప్పాను. జానీ మియా ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వెనక్కి నడిస్తే నా మాట ఆటోల్లో కలిసిపోయిందట, దగ్గరికొస్తే తేటగా వినిపించిందట. గాలి మోత రాకుండా బొచ్చు తొడుగు ఉన్న పొట్టి మైకే తీసుకున్నాడు.

ప్రమీల బిడ్డ పెళ్లిలో అప్పగింతలప్పుడు జానీ మియా చెయ్యెత్తి బ్యాండు ఆపించాడు, లైటు తీసేసి తల్లీకూతుళ్ల పక్కకే వెళ్లి నిలబడ్డాడు. ప్రమీల తన బిడ్డ చెవిలో గుసగుసలాడింది. నేను ఆగలేకపోయాను.

మొదటిసారి పుట్టింటికి వచ్చిన బిడ్డను కూర్చోబెట్టి జానీ మియా వీడియో చూపించాడు. ప్రమీల గొంతు స్పష్టంగా పలికింది: "తిన్నవా అని ఎవరూ అడగకపోయినా తిను బిడ్డా. ఆకలిని దాచుకోకు."

వెంటనే నా గొంతు, అందరికంటే గట్టిగా: "ఏంది, ఏం చెప్తున్నవే ప్రమీలా?"

"గిది తీసేస్త," అన్నాడు జానీ మియా.

"ఉండనియ్యి భాయ్," అంది ప్రమీల, కళ్లు తుడుచుకుంటూ నవ్వి. తరవాత నా వైపు తిరిగింది. "నా పెళ్లిల గూడ గిట్లనే దూరినవా పెద్దమ్మా?"

అన్నిట్లో తల దూర్చే నేను ఆ రోజు మాత్రం వంటల దగ్గర ఉండిపోయాను. అదే చెప్పాను.

బిడ్డ తన తల్లి చెయ్యి పట్టుకుంది. "మళ్ల పెట్టు మామా," అంది. జానీ మియా మొదటి నుంచి పెట్టాడు.