బటన్ చోట నల్ల మూత

కారు కొనేటప్పుడు నేను ఒక్కటే అడిగాను. మా అమ్మాయి ఉద్యోగానికి రోజూ ముత్తుకూరు పోయి రావాలి. దారంతా ఇసుక, లారీల నుంచి కారిన నీళ్లు, కోతలప్పుడు వడ్లు. జారితే బండి తనంతట తాను నిలదొక్కుకునే ఏర్పాటు చిన్న కార్లలోనూ వస్తోందని పేపర్లో చదివాను. నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, చదివిన ముక్క వదిలిపెట్టను. అది ఉన్న బండే ఇప్పించమని షోరూములో పనిచేసే మా మేనల్లుడికి చెప్పాను. వాడు నా చేతి ముద్దలు తిని పెరిగినవాడు.

బండి వచ్చాక చూస్తే, స్టీరింగు పక్కన బటన్ల వరసలో ఒకచోట నల్లటి ప్లాస్టిక్ మూత ఉంది. ఇదేందిరా అన్నాను.

"అది లోపలే ఉండాదత్తా. అవసరమైనప్పుడు అదే పట్టుకుంటది" అన్నాడు. నమ్మాను.

కోతలొచ్చాయి. అందరిలాగే మేమూ తారురోడ్డు మీద సగం మేర వడ్లు ఆరబోశాం. సాయంత్రం నేను కాలితో వడ్లు తిరగేస్తుంటే అమ్మాయి కారు వస్తోంది. ఎదురుగా బస్సొస్తే పక్కకు తప్పుకుని బ్రేకు వేసింది. ఎడమ చక్రాలు వడ్ల మీద, కుడి చక్రాలు తారు మీద. నా కళ్లముందే బండి అడ్డం తిరిగి, పోగేసిన వడ్లలోకి దూసుకుపోయి ఆగింది. పిల్లకు దెబ్బ తగల్లేదు. స్టీరింగు మీద నుంచి చేతులు తీయడానికి మాత్రం చాలాసేపు పట్టింది.

మర్నాడు అమ్మాయిని ఆఫీసుకు తీసుకుపోవడానికి తోటి ఉద్యోగి వచ్చింది. ఆమెదీ అదే కారు, రంగే వేరు. దారిలో దిగుతానని నేనూ ఎక్కాను. తాళం తిప్పగానే పసుపుపచ్చ బొమ్మ ఒకటి వెలిగింది. కారు, దాని కింద వంకర గీతలు. అంతలోనే ఆరిపోయింది. మా బండిలో అది ఎన్నడూ వెలగలేదు. నేను కోరిన ఏర్పాటుకు గుర్తు అదేనని, అడిగితే ఆమె చెప్పింది. బండి జారినప్పుడు ఏ చక్రానికి కావాలో దానికే బ్రేకు వేసి దారిలో ఉంచుతుందట. చక్రం పట్టు లేక ఊరికే తిరుగుతుంటే ఇంజను జోరు తగ్గిస్తుందట. మా బండిలో మూత ఉన్నచోట ఆమె బండిలో అదే బొమ్మతో బటన్ ఉంది.

మేనల్లుడిని పిలిపించాను. కాఫీ తాగనిచ్చి అడిగాను. గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది ఉంది గదా, అదీ ఇదీ ఒకటేనన్నాడు. ఒకటే అయితే మూత ఎందుకన్నాను. అప్పుడు ఒప్పుకున్నాడు. ఆ ఏర్పాటున్న పై రకం రావడం ఆలస్యమవుతుందని, షోరూములో అమ్ముడుపోక నిలిచిపోయిన బండిని నాకు అంటగట్టాడు. ఒప్పుకున్నాక వాడికే కోపం వచ్చింది.

"రోడ్డు మీద వడ్లు పోసింది నువ్వే గదత్తా. నన్నంటావేంది?"

"పోసినా. ఇంక పొయ్యను. నేను అందరికీ కనపడేటట్టు పోసినాన్రా. నువ్వు మూత పెట్టి ఇచ్చినావు."



ఇప్పుడు మా వడ్లు చేలోనే టార్పాలిన్ పట్టాల మీద ఆరతాయి. మిగతా ఊరు రోడ్డు మీదే పోస్తోంది. అమ్మాయి అదే బండిలో, అదే దారిన, నెమ్మదిగా పోయి వస్తోంది. మేనల్లుడు వస్తే అన్నం పెడతాను. బయట వాన పడతా ఉందత్తా అని వాడంటే మాత్రం, వాకిట్లోకి పోయి చెయ్యి చాపి చూసుకుంటాను.