ఐరావతి కాలువ కట్టిన శనివారం

పద్దెనిమిది వందల తొంభైలలో ఒక జనవరి నెల. ధవళేశ్వరం కాలువల శాఖలో సబ్ ఓవర్సీరుగా పనిచేస్తున్న నన్ను ఎగువ బర్మాకు పంపుతూ ఉత్తర్వు వచ్చింది. అక్కడ ఐరావతి నది నుంచి కొత్తగా ఒక కాలువ తవ్వి, దాని తల దగ్గర లాకు కట్టారు. కట్టారే గాని దాన్ని నడపడం తెలిసినవారు లేరు. గోదావరి మనిషిని పంపమని వాళ్లే అడిగారట. మా ఇంజనీరు దొర ఆ మాట చెప్పినప్పుడు నాకు పట్టరాని గర్వం కలిగింది. గర్వం తగదని ప్రతి ఆదివారం మా క్రైస్తవ సంఘంలో వినేవాణ్ణే. అయినా ఆ రోజు అణచుకోలేకపోయాను.

కాకినాడలో స్టీమరెక్కాను. మూడో నాటికి ఎగిరే చేపలు కనిపించాయి. పిచ్చుకల గుంపులా నీళ్లలోంచి లేచి, ఎండలో మెరిసి, మళ్లీ నీళ్లలో పడేవి. రంగూను చేరేసరికి ఊరి కన్నా ముందు బంగారు గోపురం కనిపించింది. కలప అడితీల్లో ఏనుగులు టేకు దూలాలను దంతాల మీద మోసి, ఒకదాని పక్కన ఒకటి సర్దుతున్నాయి. ఒక దూలం వంకరగా పడితే ఏనుగు వెనక్కి వచ్చి, కాలితో తోసి సరిచేయడం చూశాను. మా శాఖలో కొందరు మేస్త్రీలకు ఆ శ్రద్ధ లేదు. రేవు నిండా మనవాళ్లే. కోరంగి రేవు నుంచి వెళ్లినవారు కనుక బర్మావాళ్లు తెలుగువారందరినీ కోరంగీలనే పిలిచేవారు. అక్కడి నుంచి రైలులో మాండలే వెళ్లాను. పాడుబడిన రాజుగారి కోట, దాని చుట్టూ తామరలు నిండిన కందకం చూసి, నది మీద ఇంకా ఎగువకు ప్రయాణించి లాకు దగ్గరకు చేరాను.

లాకు చూడనివారి కోసం రెండు మాటలు. రెండు జతల తలుపుల మధ్య ఒక రాతి గది ఉంటుంది. ఎత్తున ఉన్న నీటి నుంచి పల్లపు నీటికి పడవను దించే మెట్టు అది. పడవ గదిలోకి వచ్చాక వెనక తలుపులు మూసి, ముందు తలుపుల్లోని తూములు, అంటే నీళ్లు పోనిచ్చే చిన్న పలకలు, ఎత్తుతాం. నీళ్లు రెండు వైపులా సమమైతే తలుపును ఇద్దరు మనుషులు తెరవగలరు. సమం కాకపోతే రంగూను ఏనుగు తోసినా కదలదు.

మార్చిలో కోతలు అయ్యాక కాలువ కట్టవలసి వచ్చింది. కాలువ కట్టడమంటే తల లాకు మూసి, కాలువ చివర ఉన్న దిగువ తూములు ఎత్తి, ఉన్న నీళ్లు పోనిచ్చి, పూడిక తీయడం. లాకు కింది రాతి పరుపు కూడా అప్పుడే బాగుచేయాలి. ఆ పనికి దిగిన కూలీలందరూ మన తీరం వాళ్లు. వాళ్ల మేస్త్రీ పోలయ్య, భైరవపాలెం వైపు చేపలు పట్టే పల్లెకారుల కుటుంబం వాడు. బర్మాలో చాలాకాలంగా ఉండి అక్కడి భాష ధారాళంగా మాట్లాడేవాడు.

శనివారం ఉదయం ప్రార్థన ముగించి, తలుపులు మూయించి, దిగువ తూములు ఎత్తించాను. నీటి మట్టం జానెడు తగ్గిందో లేదో, కాలువ మధ్యలో ఎవరో పెద్దగా నిట్టూర్చినట్టు వినిపించింది. చూస్తే బూడిదరంగు తల ఒకటి, గుమ్మడికాయలా గుండ్రంగా, పైకి లేచి మునిగింది. ముందునాడు పడవల వెంట లాకులోంచి లోపలికి వచ్చి ఉంటుంది. దొరలు దాన్ని డాల్ఫిన్ అంటారు. ఆకారం చేపే గాని, మనలాగే గాలి పీల్చి, పిల్లకు పాలిచ్చే ప్రాణి.

కూలీలు గడ్డపారలు పారేసి గట్టు అంచుకు పరుగెత్తారు. "ఓవర్సీరుగారండీ, ఇయ్యాళ కూరకి లోటు లేదండీ! సాయంత్రానికి నీళ్లు తీసేత్తే అదే ఒండ్రులో పడుకుంటాదండి," అని పోలయ్య చేతులు రుద్దుకున్నాడు.

అంతలో అవతలి గట్టున ఒక ముసలి బర్మా జాలరి పరుగున వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని ఏదో మొరపెట్టుకున్నాడు. ఏమంటున్నాడని అడిగాను.

"ఇది ఆళ్ల ఊరి చేపటండి. ఆళ్ల తాత పేరెట్టాడటండి. చేపకి పేరేంటండీ బాబూ, పిచ్చోడు," అన్నాడు పోలయ్య. మరికొంత విన్నాక వాడి గొంతులో ఎగతాళి తగ్గింది. "ఈళ్లు పడవ అంచు మీద కర్రతో కొట్టి పిలుత్తారటండి. అదొచ్చి చేపల్ని వలకాడికి తోలుద్దటండి. తోక ఎత్తిందంటే వలెయ్యమని. ఒక్కో ఊరికి ఒక్కోటే ఉంటాదట. ఇది పోతే ఇంక ఈళ్ల వల ఎండిపోయినట్టేనంటున్నాడండి."

ఐదో దినాన దేవుడు నీటి ప్రాణులను చేసి, అవి మంచివని చూశాడని చిన్నప్పటి నుంచి చదువుకున్నవాణ్ణి. అయితే పని ఆపి ఒక పూట పోగొట్టే అధికారం నాకు లేదు. అసిస్టెంటు ఇంజనీరు దొర డేరాకు వెళ్లి సంగతి చెప్పాను. ఆయన వయసులో చిన్నవాడు, న్యాయమైనవాడే. వానలలోపు రాతి పరుపు పూర్తి కాకపోతే లాకే కొట్టుకుపోతుందని, సోమవారం ఉదయానికి కాలువ అడుగు ఎండి ఉండాలని గుర్తుచేశాడు. పోయిన పూటను ఆదివారం పనిచేసి తీరుస్తే తనకు అభ్యంతరం లేదన్నాడు.

ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నేను ఆదివారం పార పట్టించలేదు. వరద రోజుల్లో గట్టు కాపలా తప్ప వేరే పని చేయించలేదు. డేరా బయట కాసేపు నిలబడి ప్రార్థించాను. విశ్రాంతి దినాన గుంటలో పడిన గొర్రెను పైకి తీయవచ్చా అన్న ప్రశ్నకు, తీయవచ్చని ప్రభువు ఇచ్చిన జవాబు నాకు తెలుసు. లోపలికి వెళ్లి, తీరుస్తానని చెప్పాను.

దిగువ తూములు దింపించాను. జాలరి తన పడవ దింపి, అంచు మీద కర్రతో తట్టి, గొంతుతో వింత కూత పెడుతూ లాకు వైపు నడిపాడు. అది వెంట వచ్చింది, గది వాకిట దాకా వచ్చి ఆగిపోయింది. రాతి గోడల నీడ చూసి బెదిరింది కాబోలు. మళ్లీ పిలిచాడు. మళ్లీ వచ్చి తిరిగిపోయింది.

"ఓవర్సీరుగారు చేపకి బాప్తిస్మం ఇత్తారల్లే ఉంది!" అని గట్టు మీద ఎవరో అంటే అందరూ నవ్వారు.

"అది పుట్టినప్పటి నుంచి నీళ్లలోనే ఉంది. కావలసింది మీకే," అన్నాను. ఈసారి పోలయ్యే ముందు నవ్వాడు.

అప్పుడు ధవళేశ్వరం బుద్ధి అక్కరకు వచ్చింది. మన లాకుల దగ్గర కాపురమున్నవారికి కూర చేపల కొరత ఉండదు. తూము ఎత్తి నీళ్లు పారిస్తే చేపలు ఆ పారుదలకు ఎదురీది లాకు గదిలోకి చేరతాయి. అందుకే ప్రతి లాకు ఇంటి చూరులో ఒక వల వేలాడుతుంది. నేను కాలువ వైపు తలుపులు బార్లా తెరిపించి, నది వైపు తలుపుల తూములు కొద్దిగా ఎత్తించాను. నది నీరు గదిలోంచి కాలువలోకి పారింది. ఎక్కువ ఎత్తితే సుడులకు అది బెదురుతుంది, తక్కువైతే చేప రాదు. ఆ మేర చేతికి తెలియాలి.

కొంతసేపటికి గది నీళ్ల మీద చిన్న చేపలు తళుక్కుమన్నాయి. జాలరి పడవను గదిలోకి తెచ్చి కర్రతో తట్టాడు. అది నిట్టూర్చి, చేపల వెంట లోపలికి వచ్చేసింది.

"మూయండి!" అన్నాను. కాలువ వైపు తలుపులు కూలీలే మూశారు. పొద్దున కూర గురించి మాట్లాడినవాళ్లే. పోలయ్య అయితే తలుపు తోసే పొడవాటి కాడి మీద ఛాతీ ఆనించి తోశాడు. గదిలో నీళ్లు నది మట్టానికి లేచాయి. ముందు తలుపులు తెరిచాం. అది పడవను దాటి, నదిలో ఒకసారి వీపు చూపి, వెళ్లిపోయింది. జాలరి మా వైపు తిరగకుండా దాని వెంటే పడవ నడిపాడు. అది నాకు నచ్చింది. వాడి పని వాడిది.

ఆదివారం తెల్లవారక ముందే ప్రార్థన ముగించి, కూలీలతో పాటు నేనూ బురదలో దిగాను. సోమవారం ఉదయం దొర వచ్చేసరికి కాలువ అడుగు ఎండి ఉంది. గోదావరి మనిషి మాట నిలబెట్టుకున్నాడని ఆయన పై అధికారికి రాశాడు.

ధవళేశ్వరం తిరిగి వచ్చాక ఈ సంగతి సంఘ పెద్దలకు నేనే చెప్పాను. ప్రాణిని వదలడం శనివారం జరిగింది, ఆదివారం జరిగింది సర్కారు పూడిక పని కదా అన్నారు. అది సరైన ప్రశ్నే. ఒకటి లేకుండా రెండోది లేదని జవాబిచ్చాను. మళ్లీ అలా వస్తే ఏం చేస్తావన్నారు. తూము ఎత్తుతానన్నాను. నియమం నియమమే కనుక ఒక ఆదివారం ప్రభువు భోజనపు రొట్టె ముట్టకుండా వెనక బల్ల మీద కూర్చోమన్నారు. కూర్చున్నాను. నాకు సిగ్గనిపించలేదు, వారి మీద కోపమూ రాలేదు.

ఆ శనివారం నాకు నేర్పింది పనికి సంబంధించినదే. కాలువ కట్టేవాడు ఎంత నీరుందో ఒక్కటే కొలిస్తే చాలదు. ముందునాడు పడవ మీద తల నుంచి చివర దాకా వెళ్లి, లోపల ఏ ప్రాణి ఉందో, ఎవరి బతుకు దాని మీద ఆధారపడి ఉందో చూసి, ఆ తర్వాతే తలుపులు మూయించాలి. ఉద్యోగ విరమణ వరకు నేను కట్టించిన ప్రతి కాలువకూ అలాగే చేశాను.