ఆవంలో పేలిన ఏనుగు

జమ్మలమడుగు దారిలో కుండలు కాల్చే ఆవం పొగ తగిలితే మా అవ్వతో పడిన పోట్లాట గుర్తొస్తుంది. ఎనిమిదేళ్ళప్పుడు నేను చేసిన మట్టి ఏనుగును అవ్వ తన కుండలతో పాటు కాల్చనంది.

"లోపల తడి ఉండాది మే. పగులుతాది."

"వారం ఎండబెట్టినా! తమ్ముడు చేసిన ప్రమిదైతే పెడతావే?" అని అరిచాను. అవ్వ అటు తిరగగానే ఏనుగును కుండల మధ్య దాచేశాను.

మంట అందుకున్నాక లోపల ఠప్పుమంది. ఆవం చల్లారాక చూస్తే ఏనుగు ముక్కలైంది, పక్కనున్న మూడు కుండలూ పగిలాయి.

"నువ్వే పగలగొట్టినావు!" అన్నాను ఏడుస్తూ.

అవ్వ ఓ ముక్క చూపింది. "ఎంత మందం చేసినావో చూడు. నడుమ తడి ఆరలే. సెగకు అది ఆవిరై, దారి లేక పగలగొట్టుకోని వచ్చింది."

నేను నమ్మలేదు. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. పగిలిన తన కుండల గురించి అవ్వ ఒక్క మాటైనా అనలేదు. అది గమనించడానికి ఇన్నేళ్ళు పట్టినందుకు ఇప్పుడు నా మీద నాకే కోపం.