పెద్ద నంబరు అక్కకే

మా అక్క సిరొంచ చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లి వీడియోలు తీస్తుంది. ఎడిటింగ్ తనంతట తానే నేర్చుకుంది. దానికి తనకో ల్యాప్‌టాప్, బడి పనికి నాకొకటి కావాలని కిందటేడు ఇద్దరం అహేరి బస్సెక్కాం. వాడిన ల్యాప్‌టాప్‌లు అమ్మే దుకాణంలో మాకు అందుబాటులో రెండే ఉన్నాయి. ఒకదాంట్లో ఐదు నంబరు ప్రాసెసర్, ఇంకోదాంట్లో ఏడు.

దుకాణదారు మరాఠీ మనిషి. ఏడును చూపించి, "పణ్ జునీ పిఢీ" అన్నాడు.

"ఏందంటుండు తమ్మీ?" అంది అక్క. ఆమెకు మరాఠీ అంతంతమాత్రం.

పణ్ అంటే కానీ, జునీ అంటే పాత, పిఢీ అంటే తరం. మా తాత పెట్టించిన టేకు దర్వాజ ఇప్పటికీ చెక్కుచెదరలేదు, నాన్న పెట్టించినవి వానాకాలం వస్తే మూతపడవు. నా బుర్ర అటే పోయింది.

"పాత తరందట అక్కా. గట్టిగ ఉంటదట."

మొదటి 'ట' ఆయనది. రెండోది నేను కలిపింది.

అలా ఏడు అక్కకిచ్చి, ఐదు నేను ఉంచుకున్నాను. పెద్దది అక్కకిచ్చిండని ఇంట్లో అందరూ మెచ్చుకుంటే పొంగిపోయాను కూడా.

అక్క ల్యాప్‌టాప్ పని మొదలుపెడితే చాలు, చేయి పెట్టలేనంత కాగేది. పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టుకునేది. వీడియోలు ఆలస్యమయ్యాయి. పెళ్లివాళ్లు చిరాకుపడి మంచిర్యాల నుంచి వేరేవాళ్లను పిలుచుకోవడం మొదలుపెట్టారు. "నాకే చేతనైతలేదు, ఇగ బంద్ జేస్త" అంటుంటే, అలవాటైతే అదే వస్తుందని నేను నీతులు చెప్పాను.

మొన్న ఆదివారం తన ల్యాప్‌టాప్ మొరాయిస్తే చేతిలో ఉన్న పెళ్లి వీడియో నా దాంట్లో వేసింది. చాయ్ మరిగేలోపు అయిపోయింది. నాకు అనుమానమొచ్చి రెండు మోడళ్లనూ ఫోన్‌లో వెతికాను. ఆ ఐదూ ఏడూ ఒకే తరంలో ఎక్కువ తక్కువలు చెప్పే నంబర్లట, తరం మారితే ఆ లెక్క చెల్లదట. అక్క దాంట్లో పనిచేసే కోర్లు రెండు, నా దాంట్లో నాలుగు. ఇప్పటి కెమెరాల వీడియోను చకచకా చదివే భాగం నా దాంట్లో ఉంది, ఆమెదాంట్లో అసలు లేదు. పైగా అది వేడెక్కితే తనంతట తానే నెమ్మదిస్తుంది. ఫోన్ చూస్తుంటే తల కొట్టేసినట్టయింది.

"ఇది గూడ నువ్వే తీస్కపో అక్కా" అన్నాను.

"పెద్దది నాకే ఇస్తివి. ఉన్న చిన్నది గూడ నేనే తీస్కపోతే నువ్వేం జేస్తవ్?"

ఆ మాటతో నాకు సిగ్గేసింది. ఇక దాచలేకపోయాను. నిజానికి ఏది పెద్దదో, ఏది చిన్నదో చెప్పాను. గట్టిగా ఉంటుందని దుకాణదారు అననేలేదని కూడా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

అక్క రెండు ల్యాప్‌టాప్‌ల వైపూ చూసింది.

"అయితే నాకు పని చేతనైతదన్నట్టేనా తమ్మీ?" అని అడిగింది.