వినయ్ మాటలు

నవత బ్లాగు చెడిపోయిన సంగతి నవత కంటే ముందు కోహెడలో ఉండే సంధ్యకు తెలిసింది.

అది వానాకాలం. సిద్దిపేట చుట్టుపక్కల ఊళ్లన్నింటా జ్వరాలు. నవత పనిచేసే డయాగ్నస్టిక్ సెంటర్ ముందు పొద్దున్నుంచే జనం నిలబడి ఉన్నారు. రక్తపరీక్షల రిపోర్టులు టైపు చేస్తూనే ఆమె ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుంది.

"అక్కా, మీ బ్లాగు తెరిస్తె పేకాట వస్తున్నది. ఆడుమంటది, గెలువుమంటది. నేనేమన్న తప్పు నొక్కిన్ననా?" అంది సంధ్య.

"లేదు చెల్లె. పొద్దుగాల నేను చూసిన, మంచిగనే ఉండె. ఫోన్ బంద్ జేసి మళ్ల తెరిచి చూడు."

"అన్ని చేసిన. మా ఆయన పక్కకు నిలవడి చూసి, దినాం నువ్వు చదివేది గిదేనా అన్నడు. ఏం చెప్పాలె నేను?"

సంధ్యను నవత ఎన్నడూ చూడలేదు. ఆమె కూతురు సాత్వికకు పుట్టుకతోనే చెవులు వినబడవు. మూడో ఏట హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి చెవి మిషన్ అమర్చారు. మిషన్ పెట్టగానే పిల్ల మాట్లాడుతుందని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. మాట్లాడలేదు. పిలిస్తే కనీసం తిరిగి చూడలేదు. ఏం చేయాలో తోచక ఫోన్‌లో వెతుకుతుంటే సంధ్యకు నవత బ్లాగు కనబడింది. అప్పటినుంచి రోజుకొక పేజీ చదవడం, అందులో ఉన్నట్టే కూతురితో చేయించడం, అనుమానం వస్తే నవతకు ఫోన్ చేయడం ఆమెకు అలవాటైంది.

మధ్యాహ్నం అన్నం తినే వేళ నవత తన ఫోన్‌లో చూసింది. బ్లాగు బాగానే ఉంది. పక్కసీటు అమ్మాయి ఫోన్ అడిగి తీసుకుని చూసింది. పేజీ ఒక్క క్షణం కనబడి మాయమైంది. ఎర్రటి పేకముక్కలు తెరంతా పరుచుకున్నాయి. సొంతదారుకు ఏమీ తెలియకుండా, బయటివాళ్లను మాత్రమే వేరేచోటికి మళ్లించేలా ఎవరో చేసిపెట్టారు. అది ఎన్నాళ్లుగా ఉందో, ఎందరు తల్లులు తెరిచి చూసి ఇదేదో పాడు పేజీ అనుకుని మూసేశారో తలచుకుంటూ ఆమె అన్నం డబ్బా మూత పెట్టేసింది.

ఆ బ్లాగు పేరు 'వినయ్ మాటలు'. వినయ్ ఆమె ఒక్కగానొక్క కొడుకు. వాడికీ సాత్వికలాగే, సుమారుగా అదే వయసులో ఆపరేషన్ అయింది. అప్పటికే నవత భర్త దుబ్బాకలో మగ్గం వదిలిపెట్టి భివండీలో మరమగ్గాల మీద పనికి పోయాడు. వారం వారం పిల్లాణ్ణి చంకనేసుకుని హైదరాబాద్ జూబ్లీ బస్టాండుకు బస్సెక్కడం, స్పీచ్ థెరపీ చేయించుకుని పొద్దుగూకే సరికి సిద్దిపేటలో దిగడం నవత వంతయింది. ఇంట్లో ఏ పని చేస్తున్నా వాడికి చెబుతూనే ఉండమని థెరపీ మేడమ్ చెప్పింది. బియ్యం కడుగుతుంటే కడుగుతున్నానని, తలుపు వేస్తుంటే వేస్తున్నానని. మారుమాట రాని పిల్లాడితో పొద్దస్తమానం మాట్లాడి మాట్లాడి సాయంత్రానికి ఆమె గొంతు పోయేది. భర్త ఫోన్ చేస్తే రెండు ముక్కలు మాట్లాడే ఓపిక కూడా ఉండేది కాదు.

"మాట్లాడకపోతె మాయె. రాసి పెట్టు. నేను చదువుకుంట," అన్నాడు భర్త.

అట్లా మొదలైంది. పాత బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటర్ నడిపే అర్ఫాత్ ఆమెకు బ్లాగు తయారుచేసి ఇచ్చి, తెలుగులో టైపు చేయడం నేర్పాడు. వినయ్ కొత్తగా పలికిన ప్రతి మాటా ఆమె అందులో రాసింది. బస్సు హారన్‌కు మొదటిసారి తల తిప్పిన రోజు. 'బువ్వ' అనలేక 'ఉవ్వ' అన్న రోజు. అమ్మ అనడం కన్నా ముందు బస్సు అన్న రోజు, ఆ రోజు తను ఏడ్చిన సంగతి. వాడు మిషన్ పీకి బకెట్లో పడేసిన సంగతి. వాటి పక్కన ఫోటోలు. ఎక్కడో మగ్గాల చప్పుడులో కూర్చుని ఒక్క మనిషి చదవడానికి రాసినవి మెల్లగా అందరూ చదవసాగారు. ఆదిలాబాద్ నుంచి, అనంతపురం నుంచి తల్లులు ఉత్తరాల్లాంటి కామెంట్లు పెట్టేవారు. వాళ్ల ప్రశ్నలకు జవాబు చెప్పడమే నవతకు రెండో ఉద్యోగమైంది.

వినయ్ పదో తరగతిలో ఉండగా ఒకరోజు కూర్చుని అన్నీ చదివాడు.

"నా ఫోటోలు తీసెయ్ అమ్మా. నా గురించి రాసినవి తీసెయ్," అన్నాడు.

ఎందుకని అడిగితే చెప్పలేదు. నవత ఫోటోలు తీసేసింది. వాడు నామోషీ పడతాడనిపించిన పేజీలు చెరిపేసింది. మిగిలిన చోట్ల పేరు తీసి 'బాబు' అని పెట్టింది. బ్లాగు పేరు మాత్రం మార్చలేదు. ఆ పేరుతోనే అందరికీ తెలుసు కదా అనుకుంది.

ఇప్పుడు ఈ పేకముక్కలు.

తెల్లారి లేచి, డ్యూటీకి పోయేలోపు ఆమె కంప్యూటర్ ముందు కూర్చోసాగింది. బ్లాగును తమ సర్వర్‌లో ఉంచిన కంపెనీకి చాట్‌లో రాసింది. ఇంగ్లీషులో జవాబు వచ్చింది. బ్రౌజర్‌లో పేరుకున్న క్యాష్ క్లియర్ చేయమన్నారు, చేసింది. వేరే బ్రౌజర్‌లో చూడమన్నారు, చూసింది. ప్రతిసారీ చాట్‌లోకి కొత్త మనిషి వచ్చేవాడు. ప్రతిసారీ కథంతా మొదటినుంచి చెప్పుకోవాల్సి వచ్చేది. ఆఖరికి ఒకతను అసలు సంగతి చెప్పాడు. ఏళ్ల తరబడి అప్‌డేట్ చేయని ప్లగిన్ అనే చిన్న ప్రోగ్రాం గుండా ఎవరో లోపల చొరబడ్డారు, పాడవకముందు తీసిన బ్యాకప్ ఉంటే పెట్టుకోండి అన్నాడు. కంపెనీ దగ్గరున్న బ్యాకప్‌లన్నీ ఈ మధ్యవే. వాటి నిండా పేకముక్కలే.

అర్ఫాత్ ఇంటర్నెట్ సెంటర్ మూసేసి ఇప్పుడు సీసీ కెమెరాలు బిగిస్తున్నాడు. దుకాణం మాత్రం అదే జాగాలో ఉంది. నవత డ్యూటీ అయ్యాక అక్కడికి పోయింది.

"గా పని ఇడిచిపెట్టి శాన ఏండ్లాయె నవతక్కా," అన్నాడు గానీ కుర్చీ జరిపాడు. "అప్‌డేట్లు చేస్తున్నవా మరి?"

"మొదట్ల నువ్వే చేస్తుంటివి గద."

"నేను బంద్ చేసినంక?"

అడ్మిన్ పేజీలో ఒక మూల ఎర్రగా కనబడే అంకె ఏటేటా పెరుగుతూ పోవడం నవత చూస్తూనే ఉంది. అదేమిటో కనుక్కునే తీరిక ఎన్నడూ దొరకలేదు.

అర్ఫాత్ సొరుగులన్నీ వెతికి ఒక పాత హార్డ్ డిస్క్ తీశాడు. "గిండ్ల నీదొక బ్యాకప్ ఉన్నది. పాతది. దాని తర్వాత రాసినయన్ని పోతయ్."

"అవి నా దగ్గర వేరే ఉన్నయ్. నేను అతికించుకుంట."

ఆదివారం పొద్దున కూర్చుని ఆమె ఉన్నదంతా తుడిచేసి పాత బ్యాకప్ ఎక్కించింది. తెరిచి చూస్తే తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. పేజీ పేజీనా పిచ్చి గీతలు, చుక్కలు, అర్థంలేని గుర్తులు. ఆమె అర్ఫాత్‌కు ఫోన్ చేసింది. ఎక్కించేటప్పుడు అక్షరాల పద్ధతి ఒకటి ఎంచుకోవాలని, తప్పుది ఎంచుకుంటే ఇట్లాగే అవుతుందని అతను చెప్పాడు. మళ్లీ తుడిచింది, మళ్లీ ఎక్కించింది. ఈసారి తెలుగు వచ్చింది. పాస్‌వర్డ్‌లు మార్చింది, పాత ప్లగిన్లు పీకేసింది, తర్వాతి కాలం పేజీలు ఒక్కొక్కటే అతికించింది. లేచేసరికి నడుము పట్టుకుపోయింది. ఆ పూట పొయ్యి వెలిగించలేక వినయ్‌ను పంపి బయటినుంచి తెప్పించింది.

మర్నాడు సంధ్య ఫోన్ చేసింది. "మంచిగైంది అక్కా. ఇంతకుముందు లేని ఫోటోలు గూడ వచ్చినయ్. బాబు ముద్దుగున్నడు."

నవత ఎదుట రిపోర్టుల కట్ట ఉంది. కౌంటర్ దగ్గర ఎవరో గట్టిగా అడుగుతున్నారు. "ఆఁ, మంచిది చెల్లె," అని పెట్టేసింది. ఆ మాట చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు.

ఆ వారంలోనే ఒకరోజు ఆమె ఇంటికి వచ్చేసరికి వినయ్ కాలేజీ నుంచి ముందే వచ్చి ఉన్నాడు. పాలిటెక్నిక్‌లో చేరిన దగ్గర్నుంచి వాడు ఒక్క క్లాసు ఎగ్గొట్టి ఎరగడు. మంచం మీద కూర్చున్నాడు. చెవి మిషన్ తీసి బల్ల మీద పెట్టాడు. మిషన్ తీసేస్తే వాడికి ఏమీ వినబడదు. ఎవరితోనూ మాట్లాడదలచుకోనప్పుడు చిన్నప్పటినుంచీ వాడు చేసే పని అదే.

ఆమెను చూసి ఫోన్ చాచి పట్టుకున్నాడు. అందులో నాలుగేళ్ల వినయ్, ఒంటిమీద బనీను కూడా లేకుండా, తడిసిన మిషన్ చేత్తో పట్టుకుని ఏడుస్తున్నాడు. కింద నవత రాసిన మాటలు.

"ఉవ్వ అంటున్నరు," అన్నాడు వినయ్. తన గొంతు తనకు వినబడక అవసరమైన దానికంటే గట్టిగా అన్నాడు. "క్లాసుల అందరు. ఉవ్వ తిన్నవా అని అడుగుతున్నరు. ఒకడు నా పేరు కొట్టి చూసిండట. మొత్తం దొరికింది."

చెరిపేసినవన్నీ ఆ పాత బ్యాకప్‌లో ఉంటాయన్న సంగతి నవతకు అప్పుడు తట్టింది. ఎక్కించేటప్పుడు ఆమె చూసింది అక్షరాలు వచ్చాయా లేదా అనే. ఏ అక్షరాలు వచ్చాయో చూడలేదు. మిషన్ పెట్టుకోమని చేత్తో సైగ చేసింది. వాడు పెట్టుకోలేదు. వాడి ఫోన్ తీసుకుని అందులో టైపు చేసింది: 'తప్పయింది బిడ్డా. పాత బ్యాకప్‌ల నుంచి వచ్చినయ్. నాకు తెల్వలే.'

వాడు చదివాడు. "పెట్టేముందు ఒక్కసారి చదవరాదా?" అన్నాడు.

ఆమె చెప్పులు కూడా విప్పకుండా కంప్యూటర్ ముందు కూర్చుని బ్లాగు మొత్తాన్ని మూసేసింది.

రెండు రోజులు వినయ్ కాలేజీకి పోలేదు. భివండీ నుంచి భర్త ఫోన్ చేస్తే నవత జరిగింది చెప్పింది. ఆయన, "నా కోసమని రాసినవి గద. నేను చదువుకున్న. ఇగ తీసెయ్. వాడు పెద్దోడైండు," అన్నాడు. సంధ్య ఫోన్ చేసి మళ్లీ ఏమీ రావడం లేదంటే, పని నడుస్తున్నదని మాత్రం చెప్పింది. అట్లా చెబుతున్నప్పుడు వినయ్ వంటింటి గడపలో నిలబడి ఉన్నాడు. ఈసారి మిషన్ పెట్టుకునే ఉన్నాడు.

"ఎవరు?"

"కోహెడ ఆమె. బిడ్డకు నీలెక్కనే ఆపరేషన్ అయింది. మాటలు ఇంక రాలే."

"పాఠాలు ఉంచు. అండ్ల నేను ఉండొద్దు."

"నువ్వు లేకుంట పాఠమెట్ల చెప్పుడు? అన్ని నీతోటే నేర్చుకుంటి."

"అది నాకేం తెలుసు. నా ముచ్చట చెప్పాల్నంటె నేను చెప్త. చెప్పబుద్ధయితే."

మర్నాటి నుంచి వాడు కాలేజీకి పోయాడు. ఆ వెక్కిరింత వెంటనే ఆగలేదు. ఇద్దరు ముగ్గురు ఆ సెమిస్టర్ అయిపోయేదాకా అట్లాగే పిలిచారు. వాడు ఇంట్లో దాని గురించి మళ్లీ ఎత్తలేదు.

నవత పొద్దున్నే లేచి ఒక్కో పేజీ తీసి తిరగరాయడం మొదలుపెట్టింది. 'బాబు' అన్నా వాడే కనబడుతున్నాడు కాబట్టి అది కూడా తీసేసింది. బస్సు హారన్ పేజీలో, పిల్లలకు ముందుగా పెద్ద చప్పుళ్లు అలవాటు చేయాలి అని మిగిలింది. బకెట్ పేజీలో, మిషన్‌ను తడి తగలకుండా చూసుకోవాలి అని మిగిలింది. రాస్తుంటే ఆమెకే మందుసీసా మీది కాగితంలా అనిపించింది. కొన్ని పేజీల్లో వాణ్ణి తీసేస్తే ఏమీ మిగలలేదు, వాటిని వదిలేసింది. బ్లాగు పేరు, చిరునామా రెండూ మార్చింది. కొత్త చిరునామా చాలామందికి తెలియదు. వందల్లో వచ్చే జనం పదుల్లోకి దిగారు. వారానికొకసారి అప్‌డేట్లు చూసుకోవడం మాత్రం అలవాటు చేసుకుంది.

పాత పేజీలన్నీ ఉన్న బ్యాకప్‌ను పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి వినయ్‌కు ఇచ్చింది. "గిది నీది. ఉంచుకుంటవో తీసేస్తవో నీ ఇష్టం. నా తాన గానీ అర్ఫాత్ తాన గానీ ఇంకోటి లేదు."

వాడు తీసుకుని ప్యాంటు జేబులో వేసుకున్నాడు. తర్వాత ఏం చేశాడో ఆమె అడగలేదు. అడగాలని చాలాసార్లు అనిపించింది.

చలికాలం మొదలవుతుండగా సంధ్య ఒక కోరిక కోరింది. "మా అత్తమ్మ నమ్ముతలేదు అక్కా, గీ మిషన్లతోని మాటలొస్తయా అని. ఒక్కసారి వినయ్‌తోని వీడియోల మాట్లాడిపియ్యరాదు?"

నవత వినయ్‌ను అడిగింది. వాడు వద్దన్నాడు. బతిమిలాడితే ఒప్పుకునేవాడేమో. ఆమె బతిమిలాడలేదు.

"వాడు వద్దంటున్నడు చెల్లె. నేను బలవంతం చేయ," అని సంధ్యకు చెప్పింది. ఇన్నేళ్లలో ఒక తల్లికి ఆమె కాదని చెప్పడం అదే మొదలు. ఫోన్‌లోనే వెంటనే, "ఏమనుకోకు," అంది.

"ఏమనుకుంట అక్కా," అంది సంధ్య నిదానంగా. "ఒకటి చెప్తె చేస్తరా? నేను గీ కొత్త బ్లాగు కామెంట్లల్ల మా సాత్విక పేరు రాసిన. ఫోటో గూడ పెట్టిన. అవి తీసెయ్యున్రి."

నవత ఆ మధ్యాహ్నమే సెంటర్‌లో ఖాళీగా ఉన్న కంప్యూటర్ ముందు కూర్చుని వెతికింది. కామెంట్లు ఆమె అనుకున్నదానికంటే చాలా ఉన్నాయి. సాత్విక గిన్నె చప్పుడుకు తిరిగి చూసిందని ఒకటి. 'తాత' అన్నట్టు వినబడిందని ఒకటి, పక్కన రెండు జడల పిల్ల ఫోటో. అవన్నీ చదువుతూ ఒక్కొక్కటే చెరిపింది. పని అయ్యాక కొత్త బ్యాకప్ తీసి, అందులో సాత్విక జాడ ఏమీ మిగల్లేదని తెరిచి మరీ చూసుకుని, అంతకుముందు తీసినదాన్ని చెరిపేసింది. కౌంటర్ దగ్గర ఎవరో రిపోర్టు అయిందా అని అడుగుతున్నారు. ఆమె కళ్లు తుడుచుకుని, అవతలి కంప్యూటర్ వైపు కుర్చీ తిప్పుకుంది.