సెలైన్ చక్రం తిప్పిన రాజుగారు

మా ఊళ్ళో రొయ్యల చెరువులు తవ్విన కొత్తలో, సీడ్ వదలాలంటే సత్యనారాయణరాజుగారికే కబురు వెళ్ళేది. రొయ్యపిల్లల సంచుల్ని చెరువులో తేలేసి, వాటిలోకి చెంబుతో కొంచెం కొంచెంగా చెరువు నీళ్ళు పోస్తూ గంటలకొద్దీ కూర్చునేవారు. సంచిలో ఉప్పు వేరు, చెరువులో ఉప్పు వేరు. ఒక్కసారిగా వదిలితే పిల్ల చచ్చిపోతుంది. ఎవరైనా తొందరపెడితే, "మీరింటికెళ్ళి పడుకోండి. పిల్ల మీ మాటా వినదు, నా మాటా వినదు" అనేవారు.

ఆయన భార్య బంగారమ్మగారికి మాత్రం ఏదైనా వెంటనే అయిపోవాలి. తొంభై ఎనిమిది వేసవిలో ఆవిడకి బీపీ ఉందని తేలింది. డాక్టరుగారు మాత్రలు రాసి, ఉప్పు తగ్గించమన్నారు. తగ్గించడమంటే ఆవిడ లెక్కలో మానెయ్యడమే. ఆవకాయ జాడీ వంక చూడ్డం కూడా మానేశారు. ఎండలకి తట్టుకోలేక చెంబులకి చెంబులు నీళ్ళు తాగారు. మూడు వారాలకి వాంతులు, తూలడం. ఒక రోజు పొద్దున్నే మొగుడి చెయ్యి పట్టుకుని, "అన్నయ్యా, నాన్న చేలోంచి వచ్చారా?" అన్నారు. ఆవిడ తండ్రి పోయి పదేళ్ళయింది.

భీమవరంలో ఒక నర్సింగ్‌హోముకి తీసుకెళ్ళాం. పక్కింటిదాన్ని కదా, నేనూ వెళ్ళాను. రక్తంలో ఉప్పు బాగా పడిపోయిందన్నారు. నర్సు ఉప్పు సెలైన్ పెట్టి, గొట్టానికున్న చిన్న చక్రం తిప్పి చుక్కలు సరిచేసి, "దీన్ని ముట్టుకోకండి" అని వెళ్ళింది. రాజుగారు కాసేపు ఆ చుక్కలు చూశారు, కాసేపు భార్యని చూశారు. లేచి చక్రం తిప్పేశారు.

"అదేంటండీ, ముట్టుకోవద్దంది కదా!" అన్నాను.

"తగ్గింది ఉప్పే కదా అక్కగారూ? ఎక్కుతోందీ ఉప్పే కదా? విషం కాదు కదండీ!"

నాకూ నిజమేననిపించి ఊరుకున్నాను. నర్సు అడుగులు వినపడితే తగ్గించడం, ఆవిడ వెళ్ళగానే పెంచడం. పగలంతా అదే పని.

మర్నాడు బంగారమ్మగారు లేచి కూర్చున్నారు. "ఏవండీ, ఆస్పత్రికి లుంగీతో వచ్చారా? పంచె లేదా?" అని మొదలెట్టారు. రాజుగారు ఆనందం పట్టలేక పక్క మంచాలవాళ్ళకి కూడా ఇడ్లీలు తెప్పించారు.

రెండ్రోజుల్లో ఇంటికి పంపేశారు. నాలుగో రోజు ఆవిడ తాగిన కాఫీ గొంతులోకి దిగక ముక్కులోంచి వచ్చింది. మాట ముద్దగా అయింది, సాయంత్రానికి అదీ లేదు. కాళ్ళూ చేతులూ కదల్లేదు. కళ్ళు మాత్రం మా వంక తిరుగుతున్నాయి.

రాజమండ్రిలో నరాల డాక్టరుగారు స్కానింగ్ చూశారు. "కరెంటు తీగకున్నట్టే మెదడులో నరాలకీ పైన తొడుగు ఉంటుందండి. తక్కువ ఉప్పుకి మెదడు అలవాటు పడిపోయింది. ఒక్కసారిగా పెరిగేసరికి ఆ తొడుగు దెబ్బతింది."

"కానీ బాగయిందండీ! లేచి కూర్చుంది, నన్ను తిట్టింది కూడానండీ!"

"ముందు అలాగే ఉంటుంది. దెబ్బ తర్వాత బయటపడుతుంది."

"చక్రం తిప్పింది నేనేనండి."

డాక్టరుగారు కళ్ళజోడు తీశారు. "దానివల్లేనని చెప్పలేను. కాదనీ చెప్పలేను. జాగ్రత్తగా ఎక్కించినా ఒక్కోసారి వస్తుంది."

"మాట వస్తుందాండి?"

"కొందరికి వస్తుందండి. నెలలు పడుతుంది."

వరండాలోకి వచ్చాక రాజుగారు నన్ను అడిగారు. "చెంబుడు చెంబుడు పోసేవాణ్ణి కదండీ నేను. ఆ రోజు నాకేమైందండీ?"



ఇంటికి తెచ్చాక ముక్కు గొట్టంలోంచి జావ పోసేవారు. రెప్ప ఒకసారి మూస్తే అవును, రెండుసార్లు మూస్తే కాదు. అలా మాట్లాడుకునేవారు. ఒక రోజు ఉండబట్టలేక, తిప్పింది తనేనని ఆవిడకి చెప్పేశారు. ఆవిడ రెప్ప ఒకసారీ మూయలేదు, రెండుసార్లూ మూయలేదు. అలాగే చూశారట. "ఆ చూపేంటంటారు అక్కగారూ?" అని నన్ను వారం రోజులు అడిగారు.

అయిదో నెలలో పెదవులు కదిలాయి. రాజుగారు జావ పోస్తుంటే నేనూ అక్కడే ఉన్నాను.

"మిమ్మల్ని... తిట్టాలని... అప్పట్నుంచీ..." అన్నారు బంగారమ్మగారు.

రాజుగారు గ్లాసు కింద పెట్టారు. "తిట్టు బంగారం. ఎంత కావాలంటే అంత తిట్టు."

ఆవిడ నోరు తెరిచారు. తిట్టు రాలేదు, నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగలేదు. కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఈ జబ్బులో నవ్వూ ఏడుపూ వాటంతటవే వస్తాయని డాక్టరుగారు ముందే చెప్పారు. అయినా రాజుగారు మంచం దగ్గరకి వంగారు.

"నవ్వుతున్నావా? ఏడుస్తున్నావా?"

"నాకూ... తెలీట్లేదండీ" అన్నారావిడ.